అవ్వ ఇచ్చిన తెమడ

నాకు దగ్గు రాదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. ఇస్నాపూర్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. పొద్దున కిటికీ తెరిస్తే ఒకవైపు నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన, గాలి మళ్లితే ఇంకోవైపు నుంచి ఏదో ఘాటైన మందు వాసన. మా వరసలో పన్నెండు కిరాయి గదులున్నాయి, పన్నెండింటిలోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. నేను తుమ్ముతాను, అరుస్తాను, కోపం వస్తే నా గొంతు పక్క గల్లీ దాకా వినిపిస్తుంది. దగ్గు మాత్రం రాదు. ఇదే ఒకరోజు నా ఉద్యోగానికి ఎసరు పెడుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఉద్యోగం అంటే ముసలివాళ్లను వాళ్ల ఇంట్లోనే చూసుకునే పని. అంతకుముందు గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో గోలీల పట్టీలు అట్టపెట్టెల్లో సర్దేదాన్ని. ఆ సెక్షన్‌లోకి మిషన్ వచ్చింది, మేము బయటికి వచ్చాం. పటాన్‌చెరులో ఒక ఏజెన్సీవాళ్లు పది రోజులు పని నేర్పి, ఒక నీలం కోటు ఇచ్చి, నన్ను లక్డారంలో ఒక అవ్వ దగ్గరికి పంపారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా స్నానం, తిండి, మందులు, నడిపించడం, ముచ్చట్లు. ముచ్చట్లు ఏజెన్సీవాళ్ల లిస్టులో లేవు కానీ అసలు పని అదే.

అవ్వకు ఎనభై దాటాయి. ఒకప్పుడు చాలా పొలం ఉన్న కుటుంబం. పొలంలో ఇప్పుడు షెడ్లు లేచాయి, పాత ఇంటి స్థానంలో మేడ లేచింది, అవ్వ మాత్రం పాత పద్ధతి వదల్లేదు. ఆ ఇంటికి వచ్చిన మనిషి ఉత్త చేతులతో పోకూడదు. గ్యాస్ బండ తెచ్చినతనికి అరటిపండు, కరెంటు మీటరు చూసేవాడికి గుప్పెడు పల్లీలు, అడ్రసు తప్పి వచ్చినవాడికి కూడా ఒక నిమ్మకాయ. ఏమీ దొరక్కపోతే కోడలి వంటింట్లోంచి ఉల్లిగడ్డ అయినా తెప్పించి చేతిలో పెట్టేది. నేను రోజూ సాయంత్రం ఏదో ఒకటి మోసుకుని ఇంటికి వచ్చేదాన్ని. “నువ్వు డ్యూటీకి పోతున్నవా, అంగడికి పోతున్నవా?” అని మా ఆయన అడిగేవాడు.

అవ్వ నా చేత్తో పెడితే తప్ప తినేది కాదు. కోడలు చెంచాతో పెట్టబోతే నోరు బిగించేది. “ఇనుప ముక్క నోట్ల పెడతరా ఎవలన్న?” అని తిట్టేది. నేను అన్నం పప్పు మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి పెడితే, చిన్నప్పుడు ఎవరెవరి చేలో కంకులు దొంగిలించిందో చెబుతూ మొత్తం తినేసేది. నేను సెలవు పెట్టిన రోజు ఆమెకు పస్తు. ఆ సంగతి నాకు గర్వంగానూ ఉండేది, భయంగానూ ఉండేది. ఆ పని పోతే మా ఇంట్లో కూడా పస్తుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి, ఆ వానాకాలం వచ్చిన మెసేజ్ రెండుసార్లు చదివాను.

ఏజెన్సీ మేడం ఫోన్‌లో అందరికీ కలిపి పెట్టిన మెసేజ్ అది. ఇళ్లలో పనిచేసేవాళ్లందరూ పది రోజుల్లో తెమడ పరీక్ష చేయించుకుని, టీబీ లేదని కాగితం తేవాలి. తేనివాళ్లు పదకొండో రోజు నుంచి డ్యూటీకి రానక్కర్లేదు. చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టింది.

అదే సాయంత్రం అవ్వ కొడుకు నన్ను గేటు దగ్గర ఆపాడు. ఊళ్లో అందరూ ఆయన్ను పటేలా అంటారు, ఏజెన్సీ నేర్పింది కాబట్టి నేను సార్ అంటాను.

“కాగితం జెర జల్దీ తీస్కరా. అమ్మ ముసల్ది. ఏడేడి రోగాలో తెచ్చి ఆమెకు అంటిస్తే ఎట్ల?” అన్నాడు.

మాటలో తప్పేమీ లేదు. సరిగ్గా అప్పుడే లోపల అవ్వకు దగ్గు తెర వచ్చింది. మా మాట మాకే వినపడలేదు. ఇద్దరం ఆ దగ్గు తగ్గేదాకా ఆగి, తర్వాత నా టీబీ గురించి మాట్లాడుకున్నాం.

అవ్వ రెండు మూడు నెలలుగా అలా దగ్గుతోంది. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. మా వైపు దగ్గుకు ఒకటే కారణం, కంపెనీ గాలి. తలనొప్పికీ అదే, జుట్టు ఊడడానికీ అదే. తన కొడుకు ఇంటర్ తప్పడానికి కూడా కంపెనీ గాలే కారణమని మా వరసలో ఒకాయన ఇప్పటికీ వాదిస్తాడు. అవ్వ చిక్కిపోతే వయసు అనుకున్నాం. సాయంత్రం ఒళ్లు వెచ్చబడితే ముసురు అనుకున్నాం. ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ సీసా మందు ఇచ్చాడు, ఆ తీపికి అవ్వ అన్నం తర్వాత రెండోసారి కూడా అడిగి తాగేది.

మర్నాడు సర్కారు దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. “పొద్దుగాల లేవంగనే నోరు పుక్కిలించి, లోపటికెల్లి గట్టిగ దగ్గి తెమడ తియ్యి. ఉమ్మి గాదు, తెమడ.”

“నాకు దగ్గు రాదమ్మా.”

“రాకుంటె ఈ పరీక్ష నీకెందుకు? ఛాతీ ఫొటో తీపిచ్చుకో, చాలు.”

“ఏజెన్సోళ్లు తెమడ కాగితమే కావాలన్నరు.”

ఆమె కాసేపు ఫ్యాను వైపు చూసింది. “అయితె దగ్గు,” అంది.

దగ్గాను. తెల్లవారక ముందే లేచి, మా వరసకంతటికీ ఒక్కటే ఉన్న నల్లా దగ్గర కూర్చుని, నడుం పట్టుకుని దగ్గాను. పాత ట్రాక్టరును స్టార్టు చేస్తున్నట్టు శబ్దం వచ్చింది కానీ డబ్బాలోకి ఏమీ రాలేదు. చివరికి వచ్చింది ఇచ్చాను. ల్యాబులో అతను డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసి, “ఇది ఉమ్మి,” అని తిరిగిచ్చాడు. రెండో రోజు కూడా అదే మాట. నాలుగో రోజు నన్ను చూడగానే చేతులు జోడించి, “అమ్మా, నువ్వు ఉమ్ముడు బంద్ చెయ్యి,” అన్నాడు.

వరసలో వాళ్లంతా సలహాలకు దిగారు. ఊరక వచ్చేవి అవే కదా. ఒకామె నెత్తి మీద చల్లనీళ్లు పోసుకోమంది. మూడో గదిలో ఉండే ఒడిశా అతను, “దీదీ, రాత్‌కో దహీ కేలా ఖావో, సుబహ్ పక్కా ఆయేగా,” అన్నాడు. రాత్రి పెరుగు, అరటిపండు కలిపి పీకలదాకా తిన్నాను. పొద్దున పక్కాగానే వచ్చింది, కానీ రావలసిన చోటు నుంచి కాదు. ఆ రోజంతా డ్యూటీలో అవ్వకన్నా నేనే ఎక్కువ సార్లు బాత్రూముకు వెళ్లాను.

ఈలోగా కొత్త గొడవ. రోజూ తెల్లవారుజామున నా దగ్గు వినీ వినీ, నాకు టీబీ వచ్చిందని వరసంతా పాకింది. కిరాయి ఇల్లు గలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“నిజం చెప్పు, నీకు టీబీ గిట్ల ఉన్నదా?”

“లేదక్కా. లేదని చెప్పెతందుకే దగ్గుతున్న.”

“లేనోళ్లు గిట్ల దగ్గుతరా?”

ఆమెకు మళ్లీ దగ్గి చూపించాను. “సూడు, ఎంత ఉత్తదో,” అన్నాను. ఆమె నమ్మలేదు. మా పిల్లల చెప్పులు వాకిట్లో విడిగా పెట్టించింది.

తొమ్మిదో రోజు డబ్బాను సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్లాను. లక్డారం గాలిలోనైనా వస్తుందేమోనని ఆశ. అవ్వకు టీ తాగించి, వెనక వసారా మెట్టు మీద కూర్చుని దగ్గాను. దగ్గి దగ్గి కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. అవి మొదట దగ్గుకు వచ్చిన నీళ్లే, తర్వాత నిజంగానే ఏడ్చాను. ఎల్లుండి నుంచి ఈ మెట్టు ఎక్కేది లేదని తలుచుకుంటే ఆపుకోలేకపోయాను.

వెనకే గోడ పట్టుకుని అవ్వ వచ్చింది. “ఏంది బిడ్డా, ఎవలేమన్నరు?”

డబ్బా చూపించి జరిగిందంతా చెప్పాను. అవ్వ విరగబడి నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు తగ్గాక నా పక్కన కూలబడింది.

“గింత దానికి ఏడుస్తరా? నా తాన కుండెడున్నది. తే గిటు.”

“అయ్యో, వద్దవ్వా. తప్పు.”

“ఏం తప్పే? ఊరూరంత పెరుగు తోడుకు మా ఇంటికే వస్తుండె. ఒక్కల్నన్న లేదని పంపిన్నా? ఉన్నది ఇస్తున్న. సర్కారోడు తెమడ అడిగిండు గని, గది ఎవలదని అడిగిండా?”

తప్పని నాకు తెలుసు. కానీ తప్పు చేసేటప్పుడు మనిషికి న్యాయం భలే చక్కగా తోస్తుంది. నాకు రోగం లేదు. అవ్వకూ రోగం లేదు, ఆమె దగ్గు కంపెనీది. లేని రోగం ఎవరి తెమడలో లేకపోతే ఏం? డబ్బా ఇచ్చాను. అవ్వ ఒక్క దగ్గు దగ్గింది, డబ్బాలో గీత దాటింది. “సరిపోయిందా? ఇంక జెర వెయ్యాల్నా?” అని అడిగింది. పాలు కొలిచిపోసేవాళ్లు కూడా అంత ఉదారంగా అడగరు.

ఒక గంటలో వస్తానని కోడలికి ఏదో సాకు చెప్పి, ఆటోలో డబ్బాను ఒడిలో పెట్టుకుని దవాఖానకు వెళ్లాను. ల్యాబులో అతను డబ్బా ఎత్తి చూశాడు. ముఖం వెలిగిపోయింది. “గిది శాంపిల్ అంటే! నర్సమ్మా, సూడుండ్రి,” అని పక్క గదిలోకి కేకేశాడు. బడిలో ఏనాడూ నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. సిగ్గులేకుండా మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం నర్సమ్మ ఫోన్ చేసి రమ్మంది. కుర్చీలో కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. “భయపడకు. నీకు టీబీ ఉన్నది. ఆరు నెలలు మందులు తప్పకుంట వాడితె మొత్తం పోతది.”

నేను ఏడ్చాను. ఒక నిమిషం పాటు నాకోసం, నా పిల్లల కోసం గుండెలు బాదుకుని ఏడ్చాను. కిరాయి ఇల్లామె చెప్పిందే నిజమైంది కదా అని కూడా ఏడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది, అది నాది కాదని. ఎంత సంతోషం వేసిందంటే గట్టిగా నవ్వేశాను. టీబీ అని చెబితే నవ్విన మనిషిని నర్సమ్మ అప్పుడే చూసినట్టుంది, నా చెయ్యి వదిలేసింది. నవ్వుతూ ఉండగానే, మరి అది ఎవరిదో కూడా గుర్తొచ్చింది. ఆ సగం నిమిషం సంతోషానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

నిజం చెబితే దొంగ తెమడ ఇచ్చినందుకు నా పని పోతుంది. చెప్పకపోతే ఆరు నెలల గోలీలు నా ఇంటికి వస్తాయి, అవ్వ సీసా మందు తాగుతూ అక్కడే దగ్గుతుంది. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా కాసేపు ఆలోచించాను. తర్వాత నర్సమ్మకు చెప్పేశాను. ఆమె అరగంట తిట్టింది, మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగి మళ్లీ తిట్టింది. “ముందుగాల ఆ ముసలామెను తీస్కరాపో,” అని చివరికి పంపింది.

నేరుగా లక్డారం వెళ్లాను. సార్, కోడలు ముందు గదిలో టీవీ చూస్తున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, “సార్, పరీక్షల టీబీ వచ్చింది,” అన్నాను. రెండో మాట చెప్పేలోగా సార్ సోఫా దాటి అవతలికి దూకాడు. అంత లావు మనిషి అంత తేలిగ్గా దూకగలడని నేను అనుకోలేదు. కోడలు పరుగెత్తి ఫినాయిల్ తెచ్చి నేను నిలబడ్డ చోట కుమ్మరించింది. నేను జారకుండా పక్కకు జరిగితే అక్కడా కుమ్మరించింది. అలా కుమ్మరిస్తూ నన్ను గేటు దాకా నడిపించింది.

“నాది గాదు సార్, అవ్వది!” అని గేటు బయట నుంచి అరిచాను.

“ఏం మాట్లాడుతున్నవ్? నీ రోగం తెచ్చి మా అమ్మ మీద పెడ్తున్నవా?” అని సార్ లోపలి నుంచే కేకేశాడు. అప్పటికే చెవి దగ్గర ఫోను, అవతల ఏజెన్సీ మేడం.

ఆ గోలకు అవ్వ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. “దాని మీదెందుకు అరుస్తున్నవ్‌రా? గది నాదే. నేనే ఇచ్చిన.”

“అమ్మా, నువ్వు లోపటికి పో. నీకేం తెల్వది. తెమడ ఎవలన్న ఇస్తరా?”

“ఎందుకియ్యరు? గిటు రా, నీగ్గూడ ఇస్త,” అని అవ్వ అతని ముందుకు వచ్చి, ఛాతీ నిండా గాలి తీసుకుని, దగ్గింది.

సార్ మేడ మెట్లన్నీ ఎక్కేసి పైనుంచి తొంగిచూశాడు. నాకు కోపం, భయం, నవ్వు ఒక్కసారే వచ్చాయి, ముందు నవ్వే బయటపడింది. దాంతో పనికి రావొద్దని ఏజెన్సీ మేడం అక్కడికక్కడే ఫోన్‌లోనే తేల్చేసింది.

మర్నాడు సార్ అవ్వను కారులో దవాఖానకు తీసుకుపోయాడట. నాలుగు అద్దాలూ దించి, అవ్వను వెనక సీట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టి. నర్సమ్మ ఈసారి తన కళ్ల ముందే దగ్గించింది. అదే తెమడ, అదే ఫలితం. నాకు కూడా ఛాతీ ఫొటో తీశారు, ఏమీ లేదు. టీబీ లేదని కాగితం అప్పుడు వచ్చింది. ఇవ్వడానికి ఉద్యోగం లేదు. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

వారం తిరక్కుండా మా వరస ముందు సార్ కారు ఆగింది. దిగి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని మా గడప బయట నిలబడ్డాడు. ఏజెన్సీ పంపిన ఇద్దరూ టీబీ పేరు వినగానే కోట్లు విప్పి ఇచ్చేసి పోయారట. కోడలు దూరంగా నిలబడి పప్పు గరిటెతో అన్నం అందిస్తుంటే అవ్వ గరిటెను కర్రతో కొట్టిందట. గోలీలు ఉమ్మేస్తోందట.

“నాలుగొద్దుల సంది సరిగ్గ తింటలేదు. నువ్వు రావాలె,” అన్నాడు. దస్తీ కొంచెం దించాడు. ఆయన కళ్లు చూస్తే ఏడ్చినట్టే ఉన్నాయి.

వెంటనే వెళ్లాలని ఉంది. అయినా నాలో కోపం ఒకటి ఉంటుంది కదా, అది ముందుకొచ్చింది.

“వస్త సార్. మీ ఇంట్ల అందరు ఫొటో తీపిచ్చుకున్నరా?”

“మాకెందుకు?”

“నాకిద్దరు పిల్లలు సార్. ఏడేడి రోగాలో నాకు అంటుకుంటే ఎట్ల?”

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నేల వైపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు సార్, కోడలు, పిల్లలు, ఇంట్లో ఐదుగురూ ఛాతీ ఫొటోలకు వరసలో నిలబడ్డారు. సార్ మెడలో గొలుసులు తీయడానికే ఫొటోకన్నా ఎక్కువ సేపు పట్టిందని నర్సమ్మ నాతో చెప్పి నవ్వింది. ఎవరికీ ఏమీ లేదు. ఐదు కాగితాలూ సార్ నా చేతికి ఇచ్చాడు, నేను ఒక్కొక్కటే చదివి, చదివినట్టు కనబడేలా చదివి, తిరిగిచ్చాను.

పొద్దున ఏడింటికి వెళ్లాను. అవ్వ గది కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ముందు గోలీలు మింగించాను, గొణుగుతూ మింగింది. అన్నం పిసికి, నర్సమ్మ ఇచ్చిన మాస్కు కట్టుకుని దగ్గర కూర్చుంటే అవ్వ నోరు తెరవలేదు.

“మూతికి గదేంది?”

“మాస్కు అవ్వా. నీ దగ్గు నాకు అంటకుంట.”

“నా దగ్గు అంటుతదా?”

“అంటుతదట.”

అవ్వ లెక్క పెడుతున్నట్టు కాసేపు నా ముఖం చూసింది. “మరి ఇన్నొద్దులు? మూడు నెలల సంది నీ మొకం మీదనే దగ్గుతున్న గదనే. గిది కట్టుకొమ్మని ఎవ్వలు చెప్పలేదా నీకు?”

నాకు పరీక్ష చేయించుకోమన్నారు, పది రోజుల గడువు పెట్టారు, రానవసరం లేదన్నారు. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

“చెప్పలేదవ్వా,” అన్నాను. మాస్కు లోపల నా ముక్కు కారుతోంది.

అవ్వ మెల్లగా కొంగు లాగి తన నోరూ ముక్కూ కప్పుకుంది. ముద్ద పెట్టేటప్పుడు కొంగు జరిపి నోరు తెరిచింది, నోట్లో పడగానే మళ్లీ కప్పుకుని నమిలింది. ఇంకో ముద్దకు మళ్లీ జరిపింది, మళ్లీ కప్పుకుంది. ఆ పూట ఆమె తినేసరికి గంటన్నర పట్టింది.